వాడికి గాలి సోకలేదు

మా తమ్ముడికి గాలి సోకిందని సూళగిరి చుట్టుపక్కల మా బంధువులందరూ ఇప్పటికీ అనుకుంటున్నారు. ఆ మాట పుట్టించింది నేను. అది నిజం కాదు.

హోసూరులో వాడు పనిచేసే కార్ఖానాలో కొలిమి దగ్గర మంట ఎగదన్నింది. మెడ, దవడ, రెండు చేతులూ కాలాయి. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చిన రోజు, వాకిట్లోనే నిలబెట్టి దిష్టి తీయాలన్నాను. బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం పెట్టి నేనే వెలిగించాను. దాన్ని వాడి ముఖం ముందుకు తెచ్చానో లేదో, వాడు వెనక్కి పడిపోయాడు.

"ఆర్పన్నా... ఆర్పు," అన్నాడు. ఆ గొంతు వాడిది కాదనిపించింది.

కర్పూరం చూసి వెనక్కి తగ్గితే లోపల ఇంకేదో ఉన్నట్టేనని మా వైపు నమ్మకం. చుట్టూ జనం. పెదనాన్న నవ్వుతూ, "ఏమప్పా, లోపల ఉండేది ఆడదా, మొగోడా?" అన్నాడు. కొందరు నవ్వారు. గాలి సోకినట్టుందన్నాను. నమ్మి అన్నానో, సిగ్గుతో అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. మత్తూరు దగ్గర ఒక పూజారి వద్దకు కూడా తీసుకెళ్లాను. అక్కడా సాంబ్రాణి, నిప్పులే. వాడు కళ్లు మూసుకుని నా చొక్కా పట్టుకున్నాడు.

ఆ తర్వాత వాడికి నిద్ర కరువైంది. పొయ్యి వెలిగించే చప్పుడు వింటే వీధిలోకి పరుగెత్తేవాడు. చివరికి కృష్ణగిరిలో పుండ్లు చూసే డాక్టరే మానసిక వైద్యురాలి దగ్గరికి పంపాడు. ఒళ్లు బాగా కాలినవాళ్లలో చాలామందికి ఇలా అవుతుందని, మెల్లగా తగ్గించవచ్చని ఆమె చెప్పింది. బయటికి వచ్చాక వాడు, "నిప్పును చూసి భయపడినానన్నా, అంతే. నువ్వు అందరికీ ఏమేమో చెప్పినావు," అన్నాడు.

కొంత కుదురుకున్నాక కార్ఖానాలోనే, నిప్పు లేని స్టోర్స్‌లో పని అడిగాడు. అప్పటికే గాలి మాట అక్కడిదాకా పాకింది. యంత్రాల మధ్య అలాంటి మనిషిని ఎలా పెట్టుకునేదని సూపర్‌వైజరు సందేహపడ్డాడు. నేను వెళ్లి, ఆ మాట నాదేనని, తప్పని చెప్పాను. చూసి ఫోన్ చేస్తామన్నాడు. పెదనాన్న దగ్గరికీ వెళ్లి అదే చెప్పాను. "తమాషాకి అన్నది కదప్పా," అన్నాడు.

నిన్న పొద్దున నా ఫోన్ మోగింది. సంగటి తుంచుతున్న తమ్ముడి చెయ్యి ఆగింది. నా ముఖంలోకి చూశాడు. ఎవరో లోను కావాలా అని అడుగుతున్నారు. కాదన్నట్టు తల ఊపాను. వాడు మళ్లీ తుంచుతున్నాడు, నోట్లో మాత్రం పెట్టుకోవడం లేదు.