నజీహా వేసిన సవరణ

నజీహా గర్బీ ఎవరి మాటైనా వార్తలో రాస్తే, రాసింది రాసినట్టు ఫోన్లో వాళ్లకే చదివి వినిపిస్తుంది. "ఇదేనా మీరన్నది?" అని అడుగుతుంది. ఔనన్నాకే ఆఫీసుకు పంపుతుంది. అందరూ పరుగుల మీద రాసే ఆ ట్యూనిస్ పత్రికలో ఆమెకు "ముఫ్తీగారు" అని పేరు పడింది.

"ముఫ్తీగారు తీర్పు చెప్పేలోగా ప్రభుత్వమే పడిపోతుంది" అన్నాడొకడు ఓసారి.

"పడితే పడనీ. నిజంగా పడిందా అని అదీ అడిగే రాస్తాలే" అంది.

ఆమెది చిన్న గొంతు. కైరువాన్‌లో తివాచీలు నేసే ఇంట పుట్టింది. ఒక్క ముడి తప్పితే వరస మొత్తం విప్పేసే తల్లి చేతులు చూస్తూ పెరిగింది.

ఆ ఏడు పార్లమెంటు ముందుకు పత్రికల బిల్లు వచ్చింది. దాన్ని రాసిన సంఘానికి పెద్ద, రిటైరైన జడ్జి బషీర్ లమ్లూమ్. నజీహా ఆయన్ని కలిసి బిల్లు వివరాలు అడిగింది. బిల్లులో జైలు ఊసే లేదు. అబద్ధం ఏ పేజీలో, ఎంత పెద్ద అక్షరాల్లో పడిందో సవరణ కూడా అక్కడే, అంత పెద్దగానూ వేయాలన్నది అసలు సంగతి. ఆమె పత్రికలో సవరణలు చావు ప్రకటనల కింద, చీమ తలకాయంత అక్షరాల్లో పడేవి. పత్రికలపై నిఘాకు పెట్టే మండలిని ప్రభుత్వమే తన గుప్పిట్లో పెట్టుకుంటే ఎలా అన్న అనుమానాన్నీ, దానికి జడ్జి జవాబునూ కూడా రాసి, ఆయనకు చదివి వినిపించి, పంపింది.

మర్నాడు మొదటి పేజీ అంతా ఆయన ఫొటోయే. "మళ్లీ సంకెళ్లు! తప్పు రాస్తే జైలే అంటున్న జడ్జి." కింద నజీహా పేరు.

ఆమె నేరుగా ఎడిటర్ మోంజీ గదిలోకి వెళ్లింది.

"అన్నా, ఆయన ఈ మాట అనలేదు."

"నోటితో అనకపోతే మనసులో ఉండదా? యజమాని ఫోన్ చేశాడు. ఈ వారమంతా ఆ బిల్లు మీద దండయాత్రే."

"అయితే సవరణ వేయండి."

మోంజీ పగలబడి నవ్వాడు. "సవరణలు వేయమనే బిల్లును తిడుతూ మనమే సవరణ వేయాలా? మన గొయ్యి మనమే తవ్వుకోవాలా?"

"చావు ప్రకటనల కిందైనా..."

"అక్కడా చోటు లేదు తల్లీ. ఇంకో మాటన్నావంటే రేపట్నుంచి వాతావరణం వార్తలు రాసుకో."

ఆమె బయటికొచ్చి జడ్జికి ఫోన్ చేసింది.

"నువ్వు నాకు చదివి వినిపించింది ఇది కాదు కదమ్మా" అన్నారాయన. కోపం లేదు ఆ గొంతులో, అదే ఆమెను కోసేసింది. "బాబ్ జెదీద్ పేటలో నేను రోజూ కూర్చునే కేఫ్ ఒకటుంది. ఇవాళ నాతో పేక ఆడేవాళ్లే లేరు. ఓనర్ ఖ్మైస్ తమ్ముడు పాత పాలనలో ఓ కరపత్రం కోసం జైల్లో మగ్గాడు. నన్ను చూస్తే వాడికిప్పుడు ఆ తమ్ముడే గుర్తొస్తున్నాడు."

ఆ సాయంత్రం నజీహా బాబ్ జెదీద్ వెళ్లింది. ఆడవాళ్లు అడుగుపెట్టని కేఫ్ అది. పొగ, పేకముక్కల చప్పుడు, టీవీలో ఫుట్‌బాల్. గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీ ఆయన కోసమా అక్కా? ఇక్కడ లేడు, మా అందరికీ పెళ్లాలు ఇంట్లోనే ఉన్నారు!" అన్నాడొకడు. అందరూ గొల్లుమన్నారు.

"నేను నజీహా గర్బీని" అందామె. "జడ్జిగారి వార్త కింద ఉన్న పేరు నాదే. ఆయన ఆ మాట..."

"ఏంటీ? వినబళ్లేదు!"

కౌంటరు వెనక నుంచి ఖ్మైస్ లేచాడు. టీవీ ఆపేశాడు. "హెడ్డింగేమో గోడంత వేశారు. సవరణ చెవిలో గొణుగుతావేంటమ్మా? గట్టిగా చెప్పు."

నజీహా లోపలికి నడిచింది. జీవితంలో ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తింది. "జైలుకు పంపుతామని బషీర్ గారు అనలేదు! ఆ బిల్లులో జైలే లేదు! ఆయన అన్నదొకటి, మా పేపరు వేసింది ఇంకొకటి!" తర్వాత ఆయన అన్న మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పింది. మండలి గురించి తన అనుమానం ఇంకా తీరలేదని కూడా చెప్పింది.

"పొద్దున అబద్ధం, సాయంత్రం నిజం. మరి రేపేం చెప్తావ్?" అన్నాడు ఇందాకటి ఎగతాళి మనిషి.

"రేపటికి నా ఉద్యోగం ఊడొచ్చు. ఊడితే అదీ వచ్చి చెప్తా."

ఈసారి నవ్వులో వెక్కిరింత లేదు. మూలన ఒంటరిగా కూర్చున్న జడ్జి తలెత్తలేదు, కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఖ్మైస్ ఒక కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్లి ఆయనకెదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"ముక్కలు పంచండి, పెద్దాయనా."

ఎవరో నజీహాకు నీళ్ల గ్లాసు అందించారు.

"మేమైతే విన్నాం" అన్నాడు గ్లాసు ఇచ్చినాయన. "పక్క వీధి కేఫ్‌లోనూ ఇదే పేపరు చదివారు కదమ్మా?"

"ఏ పక్క?" అని అడిగి, నీళ్లు తాగేసి బయల్దేరింది.

అక్కడ ఆమె గుమ్మంలో ఆగలేదు. "ముందా టీవీ ఆపండి" అంటూనే లోపలికి వెళ్లింది.