మా ఆయన కన్నూ, గంగమ్మ నీళ్ళూ

“వల ఎండలో వేశావా?” అన్నాడు. “వేశాలే, కాసేపు కళ్ళు మూసుకో,” అన్నాను. మా ఆయనా నేనూ చివరగా అనుకున్న మాటలు అవే. ఆయన నా మాట విన్నది ఆ ఒక్కసారే. ఆ కళ్ళు తెరిపించడానికి మేము పడ్డ పాటు తలుచుకుంటే, నేనే మూసుకోమనడం ఇప్పటికీ చిత్రంగా ఉంటుంది. ఈ ఉదయం మా పల్లెకు తెనాలి ధర్మాసుపత్రి వాళ్ళ కంటి వ్యాను వచ్చింది. మైకులో వాళ్ళు చెప్పిన ఒక మాట విని ఇంటికొచ్చి, సెలవుకొచ్చిన మనవరాల్ని కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నాను. నాకు సంతకం వరకే వచ్చు.

మా ఆయనకు ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. మిగిలిన కంటికి శుక్లం వచ్చింది. పక్కవాళ్ళ పడవ చూసి మనదే అనుకుని ఎదురెళ్ళేవాడు, పీతను పట్టకూడని వైపు పట్టి నన్ను తిట్టేవాడు. వ్యానులో వచ్చిన డాక్టరమ్మ చూసి, రేపల్లెలో రైలెక్కి తెనాలి రమ్మంది. పైసా తీసుకోకుండా ఆపరేషను చేసి, కంట్లో నీళ్ళు పడకూడదని మరీమరీ చెప్పి పంపింది.

ఇంటికొచ్చాక ఆయన మడి మొదలైంది. మెడ కింద నుంచే స్నానం. నేను చేపలు కడుగుతుంటే ఆమడ దూరం. అయినా కన్ను ఎర్రబడింది, చీము కూడా పట్టింది. ఈ కన్నూ పోతే ఇక చీకటే. మళ్ళీ వ్యాను వచ్చిన రోజు, ఇంటికొచ్చి చూసిన డాక్టరమ్మ ముందు ఒట్టేశాడు.

“నా మీదొట్టమ్మా, చుక్క తగల్లేదు!”

నేనూ అవునన్నాను. అబద్ధం కాదు, మాకలాగే తెలుసు. వ్యాను రేవు దగ్గర ఆగి ఉంది. ఆవిడతో అటు నడుస్తూ ఆయన అలవాటుగా వంగి, అల మీద చెయ్యి పెట్టి కళ్ళకద్దుకోబోయాడు. మాలో సముద్రం దగ్గరికెళ్ళి అలా చెయ్యనివాళ్ళు ఉండరు. డాక్టరమ్మ గబుక్కున మణికట్టు పట్టుకుంది.

“ఇదేంటి బాబాయ్! నీళ్ళు తగల్లేదన్నావు?”

“ఇవి నీళ్ళేంటమ్మా? గంగమ్మ కదా!”

ఇక తిట్లే అనుకున్నాను. ఆవిడ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అలల్లోకి దిగింది. దోసిట్లో నీళ్ళు తీసుకుని తన కళ్ళకద్దుకుంది.

“నీ వంతు నేను అద్దుకున్నాను బాబాయ్. కన్ను నయమయ్యేదాకా రోజూ పిన్ని అద్దుకుంటుంది. ఆ తల్లికి నువ్వే చెప్పుకో.”

మా ఆయన సముద్రం వైపు తిరిగి, “విన్నావుగా అమ్మా, నా తప్పేం లేదు,” అన్నాడు. ఆ పూటే వ్యానులో తెనాలి తీసుకెళ్ళారు. కన్ను దక్కింది.

అప్పట్నుంచి పొద్దున్నే ఆయన వెనకాల నిలబడేవాడు, నేను అద్దుకునేదాన్ని. “గట్టిగా అద్దవే, నాకు చాల్లేదు,” అని గొణిగేవాడు. తర్వాత ఆ డాక్టరమ్మ వాళ్ళే వలల పాకలో సాయంత్రం బడి పెట్టారు. దారి కనబడుతోంది కదా అని మనవరాల్ని భుజాన వేసుకుని ఆయనే దించేవాడు. ఆ పిల్లే ఇప్పుడు బాపట్లలో నర్సు చదువుతోంది.

డాక్టరమ్మ వయసైపోయి రావడం మానేసింది. ఇవాళ మైకులో ఎవరో కుర్ర డాక్టరు చెబుతున్నాడు: “ఆపరేషనయ్యాక కంట్లో నీళ్ళు పడకూడదండి. గంగమ్మ నీళ్ళు కూడా పడకూడదండి. మీ వంతు ఇంట్లోవాళ్ళు అద్దుకోవాలండి.” ఆ మాట ఎక్కడిదో ఆ అబ్బాయికి తెలియదు. మనుషుల్ని తీసుకుపోయే కాలం, వాళ్ళ మాటల్ని మాత్రం ఇలా ఒడ్డున వదిలేసి పోతుంది కాబోలు.

రాశావా అమ్మాయ్? ఏదీ, మీ తాత ఒట్టేసిన కాడి నుంచి ఒకసారి చదివి వినిపించు.