మలుపు కాడ మైసమ్మ

సదానందానికి బాయి పైన యాభై ఏడేళ్లు, బాయిలో దిగితే డెబ్బై. ఈ లెక్క అతడి మోకాళ్లది. గోదావరిఖని దగ్గరి ఒక బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లుగా టెలిఫోన్ తీగలు చూసుకోవడం అతడి పని. తీగ బాగున్నంత కాలం అతడెవరో ఎవరికీ గుర్తుండదు. తెగిందంటే మాత్రం "సదానందం ఏడి?" అని బాయంతా ఒకటే అరుపు. ఎక్కడ తెగిందో తీగ చెప్పదు కదా! చేత్తో తడుముకుంటూ నడవాలి. అలా నడిచీ నడిచీ మనిషి అరిగిపోయాడు.

ఏడేళ్ల కిందట కప్పు నుంచి బండ జారి తీగ తెగింది. బాయి అడుగున నీళ్లు తోడే చివరి పంపు దగ్గర ఆ రోజు, దాన్ని నడిపే పోశం ఒక్కడే ఉన్నాడు. సదానందం తీగ వెంట నడిచి, తెగిన చోటు పట్టుకుని, అతికి, కిందికి చేరేసరికి గంట దాటింది. పోశం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గుండె ఆగిపోయింది, రిసీవర్ మాత్రం చేతిలోనే ఉంది. ఎన్నిసార్లు పిలిచాడో ఎవరికి తెలుసు? తప్పు ఎవరిదీ కాదన్నారు అందరూ. అనేవాళ్లకేం, ఇంటికి పోయి పడుకున్నారు. సదానందానికి ఈనాటికీ ఆ రిసీవర్ కళ్లలో మెదులుతుంది. ఇప్పుడు అదే పంపు మీద తోడబుట్టిన సారక్క పెనిమిటి బిక్షం డ్యూటీ చేస్తున్నాడు.

అందుకే సోమవారం హాసిని తెచ్చిన పలక మీద అతనికి అంత ఆశ పుట్టింది. హాసిని జ్యోతినగర్‌లో పెరిగిన ఇంజనీరు. తండ్రి కోస్తా నుంచి పవర్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చినవాడు. వాకీటాకీ మాట తిన్నగా ఎంత దూరమైనా పోతుంది గానీ, మలుపు వస్తే బొగ్గు గోడ మింగేస్తుంది. మలుపులో ఈ పలక బిగిస్తే, ఎండను అద్దంతో చీకటింట్లోకి కొట్టినట్టు, మాటను పంపు వైపు మళ్లిస్తుందట. అద్దమైతే చేత్తో తిప్పాలి. దీనికి ఆ బాధ లేదు. పలక కదలకుండానే, దాని మీది వందల గళ్లు ఆమె చేతిలోని పరికరం చెప్పినట్టు తీరు మార్చుకుంటాయి. సోమవారం బిక్షం గొంతు ఖంగున వినిపించింది. మంగళవారం నుంచి మూగనోము. ఇవాళ శుక్రవారం, ఆఖరి రోజు. ఇవాళ కూడా పలకకపోతే పలకను విప్పి పట్టుకుపొమ్మని పైవాళ్ల మాట.

పొద్దుటి నుంచి హాసిని మలుపుకు నాలుగడుగులు ఇవతల ఆ పరికరంతో కుస్తీ పడుతూనే ఉంది. "గళ్లన్నీ బాగానే పనిచేస్తున్నాయి సదానందం గారూ. మాట ఇక్కడిదాకా వస్తోంది. ఆ తర్వాత ఏమైపోతోందో అర్థం కావట్లేదండీ."

"ఏం చేస్తం మేడం. మన నసీబు గట్లున్నది," అంటూ సదానందం గోడకున్న తీగ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. చప్పుడు లేదు. మళ్లీ తిప్పాడు. లేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఇవాళే తీగ కూడా తెగింది. అంటే కిందున్న బిక్షానికి ఇప్పుడు కబురు పంపే దారి ఏదీ లేదు.

"నేను తీగెంబడి పోత," అని లేచాడు. మోకాలు కలుక్కుమంది. రెండడుగులు వేసి బండ మీద కూలబడ్డాడు.

హాసిని పలక వైపే చూస్తూ తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది. "నీళ్లు పడకుండా నల్లటి ప్లాస్టిక్ మూత తొడిగాం. ప్లాస్టిక్ అడ్డం కాదు. ఏదైనా రేకు అడ్డం పడితే మాత్రం అంతే సంగతులు."

సదానందం చూపు ఆ మూత మీదికి పోయింది.

బాయిలో ఏ కొత్త మెషిన్ వచ్చినా దానికి బాయిని కాచే మైసమ్మ పటం కట్టనిదే ఎవరూ ముట్టరు. పంపుకు ఉంది, ఇంజనుకు ఉంది. మరి బావ ప్రాణం మోసే పలకకు ఉండొద్దా? సోమవారం హాసిని పైకి వెళ్లాక, మూరెడు రేకు మీద అచ్చేసిన అమ్మవారిని మూత లోపల, పలక ముందు నిలబెట్టింది అతడే. రేకు అడ్డమవుతుందని తోచనే లేదు. ముప్పై ఏళ్లుగా అతడికి తెలిసిందొకటే, ఇనప తొడుగు వేస్తే తీగకు రక్ష.

"మేడం... నేనే పెట్టిన."

"ఏం పెట్టారండీ?"

"అమ్మోరిని."

చెప్పాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఆ పిల్ల నవ్వలేదు, అదే పదివేలు. "తీయొచ్చాండీ? నన్ను తీయమంటారా?" అని మెల్లగా అడిగింది.

"నువ్వు ముట్టకు బిడ్డా. పాపమైతే నాకే కానీ."

బూట్లు విప్పి తడి బొగ్గు మీద ఒట్టి కాళ్లతో పలక దాకా నడిచాడు. మూత తీసి, రెండు చేతులా అమ్మవారిని దించాడు. "తప్పయింది తల్లీ, బావ కోసమే," అని కళ్లకద్దుకున్నాడు.

వాకీటాకీ గరగరలాడింది.

"...ఎవలన్న ఉన్నరా? పంపు కాడికెల్లి బిక్షాన్ని. ఎవలన్న ఉన్నరా?" అలిసిపోయిన గొంతు. జవాబు వస్తుందన్న ఆశ లేకుండా, అలవాటుగా పిలుస్తున్న గొంతు.

"బావా! నేను, సదానందాన్ని. ఇనవడ్తంది."

అవతలి గొంతు ఒక్కసారిగా లేచింది.

"నువ్వేనా బామ్మర్దీ? నాలుగు దినాలాయె, డ్యూటీల ఉన్నంత సేపు గీ వాకీటాకీల గంటగంటకు పిలుస్తున్న. ఒక్కలు పలుకరైతిరి. ఈ పొద్దు తీగ ఫోను సుత మూగవడె. పోశం కూసున్న కాడనే కూసున్న. నా గతి గూడ గిదే కావచ్చు అనుకున్న."

సదానందానికి దుఃఖం పొంగుకొచ్చింది. "నీ నోరు నేనే మూసిన బావా," అన్నాడు.

"ఏందిరా?"

"ఏం లేదు. నువ్వు మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. బందు వెట్టకు."

బిక్షం, సారక్క ఇవాళ పచ్చిపులుసులో ఉప్పు మరిచిపోయిందన్న సంగతి ఎత్తుకున్నాడు. పొద్దున ఆ మాటకు ఇంట్లో ఎంత లొల్లి అయిందో మొదటి నుంచీ చెప్పసాగాడు. సదానందం ఒళ్లో అమ్మవారిని పెట్టుకుని, ఒట్టి కాళ్లతోనే ఆ బండ మీద కూర్చుని, ఒక్క ముక్క పోనీయకుండా విన్నాడు.