దర్వాజ మీది తెగిన చెప్పు

మీసం మొలిచిన కొత్తలో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. వయసు పెరిగే కొద్దీ ఒక్కొక్కటే తెలియకుండా పోతున్నాయి, అది వేరే విషయం. ఆ సర్వజ్ఞత నిండుగా ఉన్న కాలంలోనే నేను జగిత్యాల పక్క పల్లె నుంచి ఖతార్ వచ్చి, ముషైరిబ్ అనే పేట దగ్గర పాత పద్ధతిలో కొత్తగా కడుతున్న ఒక బజారులో తాపీ హెల్పరుగా చేరాను. (మా ఊరివాళ్ళ లెక్కలో నేను వెళ్ళింది మాత్రం దుబాయే. ఇప్పటికీ అంతే.) మా మేస్త్రీ స్వయానా మా మేనమామ. ఆయన కూతురంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం, ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే ఒకరోజు సిమెంటు మాలు కలిపే చోట అందరి ముందూ తేల్చేశాడు. "హెల్పర్‌కు నా బిడ్డనియ్య. మేస్త్రివైనంకనే ముచ్చట."

అలా నా పెళ్ళి ఒక పరీక్ష మీద ఆగింది. పరీక్ష పెట్టేది కళ్ళద్దాల ఇంజనీరు, యూరప్‌లో ఏదో పాత నగరం ఆయనది. వాళ్ళ ఊళ్ళో వందల ఏళ్ళ కిందట ఒక్కో వృత్తి వాళ్ళకు ఒక్కో సంఘం ఉండేదట. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా పోల్చుకునేలా తమ గుర్తును గుమ్మం మీద చెక్కించుకునేవారట. ఇదంతా ఆయన ఇంగ్లీషులో చెప్పాడు కాబట్టి నాకు తెలిసింది చాలాకాలం తర్వాత. అప్పుడు అర్థమైంది ఒక్కటే: ఫోటోలు చూసి, ఇలాంటిది పెద్ద గుమ్మం పైన చెక్కాలి, నచ్చితే మేస్త్రీ ఉద్యోగం.

ఫోటోల్లో తాళంచెవి ఉంది, కత్తెర ఉంది. ఒక మహా పాత మేడ గుమ్మం మీద చెప్పు ఉంది! ముక్కు పైకి తిరిగిన పొడుగాటి చెప్పు. నా ఒళ్ళు పులకరించింది. మన వైపు ఇల్లు కడుతుంటే దిష్టి తగలకుండా పాత చెప్పు వేలాడదీయమూ? తెల్లవాళ్ళ తాతలకూ ఈ కిటుకు తెలుసన్నమాట! అన్ని వందల ఏళ్ళు ఆ మేడ నిలబడిందంటే ఊరికేనా? (అది చెప్పులు కుట్టేవాళ్ళ సంఘం గుర్తని నాకెవరు చెప్పాలి?) ఇంత అందమైన బజారు మీద ఎందరి కళ్ళు పడతాయో ఏమోనని, ఆ బాధ్యతంతా నా నెత్తినేసుకుని, జిప్సం పలకలో లోతుగా అలాంటి ముక్కు తిరిగిన చెప్పే చెక్కేశాను. దిష్టికి కట్టేది పాతదై ఉండాలి కాబట్టి తెగిన పట్టీ కూడా పెట్టాను. పనితనం బ్రహ్మాండంగా కుదిరింది. అదే కొంప ముంచింది.

మామ వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఓరి నీ పాడుగాను! గిదేందిరా?"

"దిష్టికి మామా."

"అరబ్బుల దర్వాజ మీద చెప్పా? వాళ్ళకది ఎంత తప్పో ఎరుకేనా? దిష్టి సంగతేమో గని, ముందుగాల మనల్ని విమానం ఎక్కిస్తరు!"

అంతలో బజారు యజమాని, తెల్లగడ్డం ముసలాయన, ఇంజనీరుతో కలిసి రానే వచ్చాడు. నేను గోనెపట్టా కప్పబోతే వద్దని చెయ్యి ఊపాడు. తలెత్తి చూశాడు. ఇంజనీరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకైతే మా మరదలు ఇంకెవడి పక్కనో పీటల మీద కూర్చున్నట్టే కనిపించింది. మామ మాత్రం తెగించి, వచ్చిన హిందీ, అరబ్బీ కలిపి మొత్తుకున్నాడు. "బాబా, గుస్సా నై! హమారా గావ్ మే ఘర్ కే ఊపర్ చప్పల్... బురీ నజర్ మాఫీ!" (ఇంటి మీద చెప్పుంటే దిష్టి ఉండదని ఆయన భావం. ఇక్కడ మాఫీ అంటే లేదని.)

"నజర్?" అన్నాడు ముసలాయన. ఆ భయం ఆయనకూ కొత్త కాదు కాబోలు, గడ్డంలోనే నవ్వుకున్నాడు. "నజర్ కే లియే అల్లా హై. చప్పల్ నీచే," అని, దిష్టికి దేవుడున్నాడు, చెప్పు చోటు కిందే అన్నట్టు నా కాళ్ళు చూపించాడు. తాను నమాజు చేసుకుని వచ్చేలోపు అది అక్కడ కనిపించకూడదని, "చప్పల్ మాఫీ, యల్లా!" అని మసీదు వైపు నడిచాడు.

లోతుగా చెక్కిందాన్ని పూడిస్తే తడి మచ్చ తెలిసిపోతుంది. మరో పలక పోసి ఆరబెట్టే వ్యవధి లేదు. నేను ఏడుపు ముఖంతో కింద కూలబడి పైకి చూశాను. శుక్రవారాలు సముద్రపు ఒడ్డున చూసే చెక్క పడవల ముక్కు కూడా అచ్చం ఈ చెప్పు ముక్కులాగే పైకి తిరిగి ఉంటుంది కదా! లేచి, పైన తెరచాప, కింద అలలు చెక్కడం మొదలుపెట్టాను. నేను చెక్కుతుంటే మామ పక్కనే నిలబడి దుమ్ము ఊదాడు. తెగిన పట్టీ మాత్రం దేనికీ లొంగలేదు, తాడు అనుకుంటారులే అని వదిలేశాను.

ముసలాయన వచ్చి చాలాసేపు చూశాడు. వాళ్ళ నాన్న ముత్యాల కోసం అలాంటి పడవలోనే వెళ్ళేవాడట. "జైన్," అన్నాడు, బాగుందని. కళ్ళు తుడుచుకున్నాడు. ఇంజనీరు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మామ వీపు మీద ఒక్కటి చరిచి, "మేస్త్రివైనవ్ తియ్," అన్నాడు. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు. (ఈ వాక్యం ఇంట్లో చదివి వినిపించను.)

మొన్న మా ఆవిడ, అదే మామ బిడ్డ, ఖతార్ చూడడానికి వస్తే ఆ గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాను. ఇన్నేళ్ళూ ఆమెకు పడవ సంగతే తెలుసు, అసలు గుట్టు మామా నేనూ దాచుకున్నాం. అక్కడొక గైడు టూరిస్టులకు ఆ తాడు చూపించి, అది లంగరు తాడని వివరిస్తున్నాడు. నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. మా ఆవిడ తల పక్కకు వాల్చి చూసి, "లంగరు తాడేంది? అది తెగిన చెప్పు పట్టీ," అంది.

ఇక ఒప్పుకోక తప్పలేదు. కథంతా విని, నవ్వీ నవ్వీ, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అందుకేనేమో, మన సంసారానికి ఇన్నేండ్లు ఎవ్వరి కన్నూ తగల్లే," అంది.

చెప్పు పనిచేస్తుందన్న సంగతి, మీసం మొలిచిన కొత్తలోని ఆ హెల్పరు కుర్రాడికి అప్పుడే తెలుసు. మరిచిపోయింది నేనే.