ఫాల్, పీకో కోసం ఇచ్చిన ఫొటో

నేను కాలేజీలో చదివింది ఇంటర్ వరకే. మిగతా చదువంతా మా పేట గ్రంథాలయంలో, ఫ్యాను కింది కుర్చీలో సాగింది. అందుకే, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక చీరల దుకాణం తమ ఆన్‌లైన్ పేజీలో మా ఆవిడ ఫొటోతో ప్రకటన వేసుకుందని తెలిసినప్పుడు నేను కంగారు పడలేదు. వ్యక్తిగత సమాచారం ఎవరి సొత్తనే విషయం మీద దొరికినవన్నీ మూడు రోజులు చదివి, నాలుగు పేజీల నోట్సు రాసుకున్నాను.

పరేషానంతా ఆవిడదే. ఎల్బీనగర్‌లో బ్యాంకు కౌంటరులో పని చేస్తుంది. ఇక్కత్ చీరలో కళ్ళు మూసుకుని నోరంతా తెరిచి నవ్వుతున్న ఆ ఫొటో చూసినవాళ్ళు, "మేడం, డిస్కౌంట్ ఎప్పటిదాకా?" అని అడుగుతున్నారట.

"నీ చదువు తర్వాత. ముందుగాల గా ఫొటో తీపియ్యి," అంది.

శనివారం ఇద్దరం వెళ్ళాం. దుకాణం యజమాని పోచంపల్లి వైపు మనిషి, నెమ్మదస్తుడు. నేను నిలబడే నోట్సు చదవడం మొదలుపెట్టాను. "మనిషి ముఖం ఆ మనిషి సొత్తు. సమ్మతి లేకుండా..."

"సార్, జర ఆగుండ్రి," అంటూ ఆయన అద్దం పక్కనున్న బోర్డు చూపించాడు. కొన్న చీర కట్టుకున్న ఫొటో పెట్టి దుకాణం పేజీని ట్యాగ్ చేస్తే ఫాల్, పీకో ఉచితం. ఆ ఫొటోలను దుకాణం వాడుకుంటుంది. "పెట్టింది మీరే గదా? ఫాల్ గూడ కుట్టిచ్చినం."

నిజమే. బజ్జీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా వదలకుండా చదివే నేను, ఆ బోర్డులో 'ఉచితం' దాకా చదివి ఆగిపోయాను.

"సమ్మతి మీరిచ్చిందే సార్."

"ముఖం నాది," అంది మా ఆవిడ. తర్వాత నా వైపు తిరిగింది. "నాలుగు పేజీలు రాసినవ్. అండ్ల నన్నడగాల్నని ఏడన్న ఉన్నదా?"

ఉంది. రెండో పేజీలో, కింద గీత గీసి మరీ. నోట్సు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నువ్వొద్దంటే తీసేస్త అక్కా," అని ఆయన నవ్వు ఆపుకుంటూ అక్కడికక్కడే తీసేశాడు.

బయటికి రాగానే ఆవిడ నా ఫోను లాక్కుంది. మెట్రో మెట్ల పక్కన నిలబడి, నేను పెట్టిన తన ఫొటోలు ఒక్కొక్కటే తీసేసింది. చివరికి, నేను బనియన్‌తో పడుకుని గురకపెడుతున్న ఫొటో కనిపించింది. అది తను పెట్టి, నన్ను ట్యాగ్ చేసింది.

"ఇది నన్నడిగి పెట్టినవా?" అన్నాను ఆశగా.

"అందరు మస్తు నవ్విండ్రు. ఉండనీ," అని ఫోను నా చేతిలో పెట్టింది.