హైమక్క పథ్యం చారు

రెండో విడత కోవిడ్ తగ్గి ఆస్పత్రులు మళ్ళీ మామూలు రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టిన ఏడాది నేను మహదేవపుర వైపున్న ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్వాలో థెరపిస్టుగా పనిచేస్తున్నాను. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి ఉద్యోగం. మాటా మింగుడూ దెబ్బతిన్న రోగులకు వాటిని తిరిగి నేర్పించడం మా పని. మింగడం నేర్పడానికి కూడా జీతమిస్తారా అని మా ఆడపడుచు నవ్వేది. గుటక వేయడం ఎంత కష్టమైన పనో పక్షవాతం వచ్చినవాళ్ళనీ, వాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళనీ అడిగితే తెలుస్తుంది.

న్యూరాలజీ వార్డులో ఒక ఉదయం నాకిచ్చిన కేసు పేరు చూసి ఆగిపోయాను. హైమావతి గారు. తెలుగు వారపత్రికలో దశాబ్దాల పాటు వంటల శీర్షిక రాసిన మనిషి. పాఠకులకు ఆమె హైమక్క. నాకు పెళ్ళయిన కొత్తలో పప్పు ఎందుకు ఉడకట్లేదో, కుక్కర్ ఎందుకు పొంగుతోందో చెప్పింది మా అమ్మ కాదు, ఈమే. భర్త పోయాక హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కూతురు సుధ దగ్గర ఉంటోంది. సుధ సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. మెదడుకు కుడివైపు రక్తం అందక హైమక్కకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు, గొంతులో సగం పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది గానీ తెలివి చెక్కు చెదరలేదు.

మా పద్ధతి ఇలా ఉంటుంది. ముందు మంచం దగ్గరే పరీక్ష. గొంతు మీద స్టెతస్కోపు పెట్టి, ఒక చెంచా నీళ్ళిచ్చి, గుటక చప్పుడు వింటాం. అనుమానం ఉంటే ఎక్స్‌రే గదిలో తెల్లటి మందు కలిపిన నీళ్ళు మింగించి, అవి ఎటు పోతున్నాయో వీడియోలో చూస్తాం. హైమక్క విషయంలో నీళ్ళలో కొంత భాగం అన్నవాహికలోకి కాక నేరుగా శ్వాసనాళంలోకి దిగింది. ఆమెకు దగ్గు రాలేదు. మామూలు మనిషికి పొలమారితే దగ్గు వస్తుంది, అదే కాపలా. ఆ కాపలా పడిపోయినప్పుడు నీళ్ళు చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చూసేవాళ్ళు హాయిగా తాగిందనుకుంటారు. మా వృత్తిలో మేము అన్నిటికంటే భయపడేది దానికే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి రోగికి అన్నిటికంటే ప్రమాదకరమైనది పలుచని ద్రవం. అది వేగంగా జారిపోతుంది, బలహీనమైన గొంతుకు దారి మూసే వ్యవధి ఉండదు. చిక్కటి జావ మెల్లగా కదులుతుంది కాబట్టి కొంత నయం. మన ఇళ్ళల్లో నమ్మకం దీనికి సరిగ్గా తలకిందులు. మంచం పట్టిన మనిషికి ముందు నీళ్ళు, తర్వాత చారు, కోలుకున్నాక అన్నం. ఆ వరస మన ఎముకల్లో ఉంది. దాన్ని అందంగా రాసి ఇంటింటికీ చేర్చింది కూడా హైమక్కే. ఆ శీర్షికలన్నీ కలిపి వేసిన ఆమె పుస్తకంలో పథ్యం మీద ఒక అధ్యాయం ఉంది. రోగికి పెట్టే చారు గ్లాసు అడుగు కనబడేంత పలుచగా ఉండాలనీ, గొంతుకు దాని బరువు తెలియకూడదనీ అందులో రాసింది. జ్వరానికి అది ఎంతో మంచి సలహా.

ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపాం. నోటితో ఏదీ ఇవ్వకూడదని తల దగ్గర బోర్డు పెట్టించాను. కొన్ని వారాల సాధన తర్వాత చిక్కటి రాగి జావతో మొదలుపెట్టాలన్నది నా ప్రణాళిక. నాలుకను అంగిలికి నొక్కడం, ఊపిరి బిగబట్టి గుటక వేయడం, వెంటనే కావాలని దగ్గడం, ఇవి సాధనలు. ఆమె స్కూలు పిల్లలా శ్రద్ధగా చేసేది. నోటికి రుచి తగిలి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకుని ఏడ్చేది కూడా. నేను ఓదార్చలేదు. ఇంకో పదిసార్లు దగ్గమన్నాను. ఆ రోజుల్లో నా ప్రేమ అలాగే ఉండేది.

ఆమె ఆస్పత్రిలో ఉందన్న వార్త ఎలా పొక్కిందో గానీ పాఠకులు రావడం మొదలైంది. రిసెప్షన్ వాళ్ళకు పిచ్చెక్కింది. పక్క టెక్ పార్కులో పనిచేసే కుర్రాడొకడు మెడలో ఐడీ కార్డుతోనే వచ్చి, "మేడమ్, జస్ట్ టూ మినిట్స్ ఇవ్వండి. పీజీ హాస్టల్లో సాంబార్ తినలేక చచ్చిపోతుంటే ఈవిడ బుక్ చూసే కుకింగ్ నేర్చుకున్నా" అని బతిమాలాడు. అత్తగారి నోటికి జడిసి పుట్టింటికి వెళ్ళిపోదామనుకున్న రోజుల్లో హైమక్క శీర్షిక చదివే నిలదొక్కుకున్నానని ఒకావిడ చెప్పింది. ఎవరికీ ఆటోగ్రాఫ్ అక్కర్లేదు. అందరికీ ఆమె చెయ్యి పట్టుకోవాలి, తాము వండింది ఆమెకు తినిపించాలి. క్యారియర్లు, గాజు సీసాలు, స్వీటు డబ్బాలు తెచ్చేవారు. వద్దన్నానని నన్ను రాక్షసిని చూసినట్టు చూసేవారు. సుధ ఆ డబ్బాలన్నీ నర్సులకు పంచేది.

అందరికంటే ఎక్కువగా వచ్చిన మనిషి సరోజమ్మ. కాటన్‌పేటలో వాళ్ళది తరాల నాటి అగరబత్తుల హోల్‌సేల్ దుకాణం. మనిషి రాకముందే గంధం వాసన వార్డులోకి వచ్చేది. హైమక్కకు ఎప్పటినుంచో ఉత్తరాలు రాసేది, తర్వాత ఫోన్లు చేసేది. ఇంట్లో భర్త పక్షవాతంతో మంచంలో ఉన్నా బస్సులు మారి నగరం ఈ చివరికి వచ్చేది. వచ్చి హైమక్క కాళ్ళు ఒత్తుతూ కూర్చునేది.

ఒక మధ్యాహ్నం సుధ ఆఫీసుకు వెళ్ళింది, నేను ఔట్‌పేషెంట్ విభాగంలో ఉన్నాను. సరోజమ్మ ఫ్లాస్కులో చారు తెచ్చింది. పుస్తకంలో ఉన్నట్టే, గ్లాసు అడుగు కనబడేంత పలుచగా. వార్డులో పనిచేసే ఆయమ్మ అడ్డుపడి అన్నం అదీ పెట్టకూడదంటే, సరోజమ్మ అన్నం ఎవరు పెడుతున్నారని అడిగిందట. ఆమె లెక్కలో చారు తిండి కాదు, తీర్థంలాంటిది. చెంచాతో పోసింది. హైమక్క నోరు తెరిచింది. ఒక్క దగ్గూ రాలేదు. సరోజమ్మ సంతోషంగా వెళ్ళిపోయింది.

మర్నాటికి జ్వరం అందుకుంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లబడింది. న్యుమోనియా. ఐసీయూకి మార్చారు. ఆయమ్మ ఏడుస్తూ జరిగింది చెప్పింది. సుధ ఆ ఆడమనిషి మీద పోలీసు కేసు పెడతానంది. నాకూ ఒళ్ళు మండింది. కొన్ని వారాల కష్టం ఒక ఫ్లాస్కుతో పోయింది.

హైమక్క ఆ గండం గట్టెక్కింది గానీ మనిషి సగమైపోయింది. ఐసీయూలోంచి బయటికి వచ్చాక, ప్రమాదమని తెలిసీ నోరెందుకు తెరిచారని అడిగాను. కొంత గొంతుతో, కొంత చేతి సైగలతో చెప్పింది. సరోజ ముఖం చూశాక మూసుకోవడం చాతకాలేదట. "ఇంగువ ఎక్కువేసింది" అని కూడా అంది. కాసేపటికి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, జరిగింది సరోజకు ఎప్పటికీ చెప్పొద్దని మాట ఇమ్మంది.

నేను ఇవ్వలేదు. కారణం సరోజమ్మ భర్త. ఆయనకూ పక్షవాతమే. హైమక్క మీద జాలితో నేను నోరు మూసుకుంటే, కాటన్‌పేటలో ఆ మనిషి గొంతులో రోజూ అదే చారు పడుతుంది. ఆ మాటే హైమక్కతో అన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచాక, "అయితే నా ముందే చెప్పు" అంది.

సరోజమ్మ మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఫ్లాస్కుతో. గుమ్మంలోనే పట్టుకుంది నన్ను.

"ఏం డాక్టరమ్మా, మా అక్కకు జరమొచ్చిండెనంట గదా? ఇప్పుడెట్లుండాది? మొన్న నేను పోసిన చారు గుటుక్కున తాగె సూడప్పా, ఒక్క దగ్గన్నా రాలేదు."

నేను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినలేదు కాబట్టి ఆ రోజు సరిదిద్దలేదు. లోపలికి తీసుకెళ్ళి మంచం పక్కన కూర్చోబెట్టాను. హైమక్క ఎక్స్‌రే వీడియో చూపించాను. తెల్లటి గీత ఎటు పోతోందో వేలితో చూపించాను. పక్షవాతపు రోగి తన ఉమ్మి వల్ల కూడా న్యుమోనియా తెచ్చుకోవచ్చు కాబట్టి చారు వల్లేనని ఎవరూ ప్రమాణం చేయలేరు. అదీ చెప్పాను. నా అంచనా మాత్రం చారేనని కూడా చెప్పాను.

ఆమె ఫ్లాస్కును ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత హైమక్క వైపు తిరిగింది. "నువ్వు రాసినట్టే సేస్తి గదక్కా. మా ఆయనకి దినామూ అదే పోస్తాండాను. ఆయప్పకి నెలకో తూరి జరం. గాలి సోకిందనుకుంటిని. నేనే సంపుతాండానా అయితే?"

హైమక్క ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేదు. పక్షవాతం వచ్చిన ముఖంలో ఏడుపు ఒకవైపే కనబడుతుంది.

ఆ వారంలో ఆమె రోజుకు కాస్త చొప్పున సుధ చేత ఒక పేరా రాయించింది. పథ్యం అధ్యాయం జ్వరానికే గానీ గొంతు దెబ్బతిన్నవాళ్ళకు కాదనీ, వాళ్ళకు పలుచని చారు విషంతో సమానమనీ, తెలియక రాశాననీ, తనను నమ్మినవాళ్ళు క్షమించాలనీ అందులో ఉంది. సుధ దాన్ని వారపత్రికకు పంపింది. వాళ్ళు చిన్న బాక్సు కట్టి వేశారు. దానికి పాఠకుల నుంచి వచ్చిన స్పందన చదివి సుధ తెల్లబోయింది. పెద్దామె ఆరోగ్యం బాగాలేని సమయంలో ఆమె చేత ఇలాంటివి రాయించడం అన్యాయమన్నారు. ఆ చారే తమ తండ్రిని బతికించిందని కొందరు సాక్ష్యం చెప్పారు. పుస్తకంలో అక్షరం ముట్టుకోవద్దని ప్రచురణకర్తను బతిమాలారు.

ఈలోగా సరోజమ్మ భర్తను మా దగ్గరికి తెచ్చి పరీక్ష చేయించింది. వీడియోలో అదే తెల్లటి గీత. నేను చిక్కదనం నేర్పాను. చెంచా వంచితే ధార కట్టకూడదు, ముద్దగా జారాలి. తల ముందుకు వంచాలి, ఒక చెంచా పూర్తిగా దిగాకే రెండోది. చెప్పింది విని తలూపింది గానీ, పెట్టి చూపించమంటే చెయ్యి దానంతటదే గ్లాసులో నీళ్ళు కలపబోయింది. మళ్ళీ మళ్ళీ చేయించాను. ఆయనకు నెలనెలా వచ్చే జ్వరం ఆగింది.

హైమక్కకు రెండోసారి న్యుమోనియా వచ్చింది. ఈసారి ఎవరి తప్పూ లేదు. శరీరంలో పోరాడే శక్తి లేదు. వెంటిలేటర్ వద్దని ఆమె ముందే చెప్పి ఉంచింది. నోటితో ఒక్క చెంచా జావ కూడా రుచి చూడకుండానే పోయింది.

కాటన్‌పేట దగ్గర ఒక కల్యాణ మంటపంలో పాఠకులు సంతాప సభ పెట్టారు. ఆ ప్రేమను నేను చిన్నచూపు చూడను. హాలు పట్టలేదు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, టెక్ పార్కు కుర్రాళ్ళు మెట్లమీద కూడా నిలబడ్డారు. వేదిక మీద ఒకావిడ, అందరికీ ఇష్టమైనదంటూ పథ్యం అధ్యాయం చదివింది. చదువుతుంటే జనం కళ్ళు తుడుచుకున్నారు. వెనక వరసలోంచి సరోజమ్మ లేచింది.

"అది తప్పప్పా. అక్కే తప్పని రాయించె. గొంతు సరిగా లేనోళ్ళకి అట్ల పోయొద్దు. నేను పోస్తిని. నా చేత్తోనే పోస్తిని."

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. తర్వాత నాలుగు వైపుల నుంచీ ఆమెను కూర్చోమన్నారు. పాపం దుఃఖంలో ఉందని ఒకరు, ఈ రోజు అవన్నీ ఎందుకమ్మా అని మైకులోంచి ఇంకొకరు. పక్కావిడ భుజం పట్టి మెల్లగా కూర్చోబెట్టింది. నేను లేచి ఫలానా ఆస్పత్రి నుంచి వచ్చానని, ఆమె చెప్పింది నిజమని చెప్పాను. హైమక్కకు సేవ చేసినందుకు నాకు చప్పట్లు కొట్టారు. చదవడం కొనసాగింది.

పుస్తకం కొత్త ముద్రణ వచ్చింది, పథ్యం అధ్యాయం ఉన్నది ఉన్నట్టే ఉంది. దాని తర్వాత కొంతకాలానికి మా వార్డుకు పక్షవాతంతో పాటు న్యుమోనియా ఉన్న ఒక పెద్దాయనను తెచ్చారు. ఇంట్లో ఏం పెట్టారని అడిగితే, చదువుకున్న కూతురు గర్వంగానే చెప్పింది, హైమక్క పుస్తకంలో ఉన్నట్టు చారు పెట్టానని. ఆయన బతకలేదు.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పాటించాను. రోగిని ఇంటికి పంపేముందు ఇంట్లో వండేవాళ్ళను పిలిపించి, వంట ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగేదాన్ని. ఎవరి పేరు చెప్పినా వాళ్ళ మాట తప్పని అనేదాన్ని కాదు. గిన్నె, చెంచా ఇచ్చి నా ఎదురుగా కలపమనేదాన్ని, రోగికి పెట్టమనేదాన్ని. చెయ్యి నీళ్ళ వైపు పోవడం ఆగేదాకా డిశ్చార్జి మీద సంతకం పెట్టేదాన్ని కాదు.