ఆటపెట్టెలో మెట్ట సేద్యం

డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియని విషయం లేదని నా గట్టి నమ్మకం. మంచి సరుకు పెడితే జనం ఎగబడి కొంటారన్నది అందులో ఒకటి. ఆ ధీమాతోనే ఆత్మకూరు బస్టాండు దగ్గర టీవీల కొట్టు నడిపే మా మేనమామను బతిమాలి, టీవీకి తగిలించుకుని ఆడే వీడియో గేము పెట్టెలు తెప్పించాను. "ఇవి పోకపోతే నువ్వు ఉదయగిరికి పోయి మీ నాయన గొర్రెలు తోలుకోవాల్సిందేరా" అన్నాడు మామ. నాకు గొర్రెలంటే ద్వేషం లేదు (వాటికే నేనంటే లెక్కలేదు). కానీ మామ కొట్లో ప్యాంటు వేసుకుని ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగం వదులుకోవడం నా వల్ల కాదు.

ఆటలు నిజంగా బ్రహ్మాండం. కార్లు, తుపాకులు చూపిస్తే ఆవులించిన మా మెట్ట రైతులు, సేద్యం ఆట పెట్టగానే కుర్చీలు ముందుకు లాక్కున్నారు. అందులో రాళ్ళు ఏరి, దున్ని, విత్తనం వేస్తే వాన అడిగినట్టు కురుస్తుంది. మేకలు పెంచుకుని, పొద్దుగూకితే దొడ్లోకి తోలుకోవచ్చు. "బోరు ఎండదా?" అని దుత్తలూరు పెద్దాయన పదే పదే అడిగాడు. ఎండదన్నాను. ఆయన కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కున్నాడు. గిరాకీని మంచి చేసుకుందామని, కొట్లో చూపించడానికి పెట్టిన పెట్టెలోనే ఒక్కొక్కరి పేరున ఒక్కో చేను తెరిచి ఇచ్చాను. ఇక చూడండి! సంతకొచ్చినవాళ్ళు, ఆసుపత్రికొచ్చినవాళ్ళు, బస్సు తప్పినవాళ్ళు, అందరూ వచ్చి తమ చేనికి నీళ్ళు కట్టుకుని పోయేవాళ్ళు. కొట్టు కిటకిటలాడింది గానీ పెట్టె ఒక్కటీ కదల్లేదు.

చివరికి తెగించి పెద్దాయననే అడిగాను. "ఒకటి ఇంటికి తీసుకపోరాదా పెద్దాయనా?"

"నా చేను ఇందులో ఉండాది కదరా. కొత్తదాంట్లో ఏముంటాది?"

"అంతా మొదటినుంచి చేసుకోవాల."

"ఏందీ, మళ్ళీ రాళ్ళు ఏరాల్నా?" అంటూ ఆయన లేచి నిలబడ్డాడు. వెనకున్నవాళ్ళంతా నన్ను దొంగను చూసినట్టు చూశారు. కొట్లోనే చేలు తెరిచిచ్చి సరుకుకు అడ్డంపడి కూర్చున్నది నేనేనని అప్పుడు తెలిసింది.

సంగతి విన్న మామ ఆ సాయంత్రమే చేలన్నీ చెరిపేశాడు. "ఇప్పుడు కొనక ఏం చేస్తారు?" అన్నాడు. మర్నాడు వచ్చినవాళ్ళు తెరమీద రాళ్ళూ ముళ్ళకంపలూ చూసి నిర్ఘాంతపోయారు. చెప్పులు వేసుకుని ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. ఆ తర్వాత వాళ్ళు ఆ కొట్లో సెల్లు ఛార్జరు కూడా కొనలేదు. నేను గొర్రెల దగ్గరికి చేరాను.

కొన్నాళ్ళకు పెద్దాయన ఉదయగిరిలో బస్సు దిగి, నన్ను వెతుక్కుంటూ కొండ కింద మంద దగ్గరికి వచ్చాడు. తిట్టడానికే అనుకుని తల దించుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చేను పోతే పోయిందిలేరా. మీ మామ చెరిపినప్పుడు నా మేకలు దొడ్లో ఉండినాయా, బయట ఉండినాయా?"

నవ్వు రావలసిన మాట. నాకు మాత్రం రాలేదు. "దొడ్లోనే ఉండినాయి పెద్దాయనా. నేనే తోలినాను" అన్నాను.

"మంచి పని చేసినావు" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. లేని మేకలను భద్రంగా దొడ్డికి చేర్చిన ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆయన కనుమరుగయ్యేదాకా అలా చూస్తూ నిలబడ్డాను. ఈలోగా నిజంగా ఉన్న గొర్రెలన్నీ పక్కవాళ్ళ కందిచేలో పడ్డాయి.